ఉప్పు తగ్గిన నీళ్లలో కాల్షియం కూడా తగ్గినట్టే కనిపిస్తుంది

ప్రశ్న: మాది విజయనగరం, కంటోన్మెంట్. ఇంట్లో మూడడుగుల రీఫ్ ట్యాంకు (ఉప్పునీటిలో కోరల్స్, అంటే పగడాలు, పెంచే తొట్టె) ఉంది, కింద చిన్న సంప్ (ఫిల్టరు తొట్టె). రాళ్లు, ఇసుక పోగా నీళ్లు 150 లీటర్లు ఉంటాయి. ఏడాది నుంచి నడుస్తోంది. జోవాలు, మష్రూములు (మెత్తటి కోరల్ రకాలు) బాగున్నాయి. హ్యామర్ కోరల్ మాత్రం పూర్తిగా విచ్చుకోవడం మానేసింది, మాంటిపొరా డిజిటాటా అనే కోరల్ కొమ్మల చివర్లు తెల్లబడుతున్నాయి. సోమవారం ఆల్కలినిటీ (నీటి క్షారత) 9.4 డీకేహెచ్ డిగ్రీలు ఉంటే గురువారానికి 7.2కి పడిపోతోంది. అప్పుడు రెండు టీస్పూన్ల వంటసోడా కలుపుతాను, మళ్లీ 9.4కి వస్తుంది. కాల్షియం 365, మెగ్నీషియం 1150 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటడం లేదు. నీటి సాంద్రత చూసే హైడ్రోమీటరులో 1.023. ఫాస్ఫేట్ తీసేసే మీడియా వాడుతున్నాను, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. హీటరు మీదా రిటర్న్ పంపు మీదా తెల్లటి పెచ్చు కడుతోంది. రోజూ మూడు లీటర్ల దాకా నీరు ఆవిరైపోతుంది, దానికి ఇంట్లో తాగే ఆర్వో నీళ్లే పోస్తాను. కాల్షియం పెరగడానికి తాంబూలం సున్నం వాడొచ్చా? చింతపల్లి నుంచో కళింగపట్నం నుంచో సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే ఈ తిప్పలు తప్పుతాయా? కొత్త ఫ్రాగ్‌లు (నాటుకునే కోరల్ ముక్కలు) ఎప్పుడు కొనొచ్చు?

సమాధానం: సోడా డబ్బా ఓ వారం పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది ఆల్కలినిటీ కాదు, ఆ 1.023.

సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర హైడ్రోమీటరులో అది 1.026 పైచిలుకు చూపిస్తుంది. మీ 1.023 అంటే దాదాపు 31 గ్రాములే. కాల్షియం, మెగ్నీషియం ఆ ఉప్పులో భాగాలే కాబట్టి ఉప్పు ఏ నిష్పత్తిలో తగ్గితే అవీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఒక్కసారి లెక్క కట్టి చూడండి. మీ 365ని 35తో హెచ్చవేసి 31తో భాగిస్తే 412 వస్తుంది. 1150ని అలాగే చేస్తే దాదాపు 1300. అసలు సముద్రంలో కాల్షియం 410-420, మెగ్నీషియం 1280-1300 మధ్య ఉంటాయి. మీ ట్యాంకుకు లోటు కాల్షియంది కాదు, ఉప్పుది. ఈ స్థితిలో కాల్షియం పొడి, మెగ్నీషియం పొడి వేరువేరుగా కొని పోసి ఉంటే, ఎప్పుడో ఒకరోజు ఉప్పు సరిచేసినప్పుడు రెండూ ఒక్కసారిగా హద్దు దాటేవి.

హైడ్రోమీటరును నమ్మొచ్చా అన్నది వేరే సంగతి. ముల్లు తిరిగే ప్లాస్టిక్ రకంలో ముల్లుకు చిన్న బుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది, ఇరుసు దగ్గర ఉప్పు పేరుకుంటే ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. మీ విషయంలో కాల్షియం, మెగ్నీషియం రెండూ అదే సంగతి చెబుతున్నాయి గనుక రీడింగు నిజానికి దగ్గరగానే ఉండాలి. అయినా రిఫ్రాక్టోమీటరు (కాంతి వంగే తీరును బట్టి ఉప్పు చూపే పరికరం) ఒకటి కొనండి. దాన్ని మామూలు నీళ్లతో సున్నాకు పెట్టి ఊరుకోవద్దు. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర రెండు గీతలు తప్పేవి చాలా ఉంటాయి. 35 దగ్గరే సరిచూడాలి. దానికి ద్రావణం ఇంట్లోనే కలుపుకోవచ్చు: ల్యాబ్ గ్రేడు సోడియం క్లోరైడు 3.65 గ్రాములు, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాలు) సున్నా ఉన్న నీరు 96.35 గ్రాములు, రెండూ తూకం మీదే. ఇది రిఫ్రాక్టోమీటరులో 35 చూపించాలి, చూపించకపోతే స్క్రూ తిప్పి సరిచేయాలి. ఇందుకు 0.01 గ్రాము దాకా తూచే చిన్న కాటా కావాలి. ముందు ముందు ప్రతి పనికీ అదే కాటా అక్కరకొస్తుంది.

ఉప్పు పెంచడానికి పొడి నేరుగా ట్యాంకులో పోయకూడదు. మీకు రోజుకు మూడు లీటర్లు ఆవిరవుతోంది కదా, ఆ మూడు లీటర్లకు బదులు 35కి కలిపిన ఉప్పునీరు పోయండి. 105 గ్రాముల ఉప్పు 150 లీటర్లలో కలిసి, రోజుకు 0.7 చొప్పున పెరుగుతుంది. ఆరు రోజుల్లో 31 నుంచి 35కి చేరతారు. కోరల్స్‌కు ఇది నొప్పి తెలియని వేగం. చేరగానే మళ్లీ మంచినీళ్లకు మారండి. ఆరో రోజు తర్వాత కూడా అలవాటుగా ఉప్పునీరే పోస్తూ పోతే రెండు వారాల్లో 40 దాటుతుంది. అందుకని ఆ వారమంతా రోజూ ఉదయం రిఫ్రాక్టోమీటరు చూసి కాగితం మీద రాసి, ట్యాంకు పక్కనే అతికించండి.

కలిపేది రీఫ్ సాల్టే (కోరల్ ట్యాంకుల కోసం తయారుచేసే ఉప్పు మిశ్రమం) అయివుండాలి. నౌపడ ఉప్పు వాడొచ్చా అని మన జిల్లాల నుంచి తరచూ అడుగుతుంటారు. ఉప్పుమడిలో ఏం జరుగుతుందో చూస్తే జవాబు తెలిసిపోతుంది. సముద్రపు నీరు ఎండలో చిక్కబడే కొద్దీ మొదట కాల్షియం కార్బనేటు దిగిపోతుంది, తర్వాత జిప్సం దిగుతుంది, ఆ తర్వాతే ఉప్పు గల్లు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివరిదాకా నీటిలోనే ఉండి, ఆ చేదునీటితో పాటు మడి నుంచి బయటికి పోతాయి. కూరకు ఎంత మంచి ఉప్పో కోరల్‌కు అంత పనికిరానిది, కావలసినవన్నీ తీసేశాక మిగిలిందే ఆ గల్లు. రీఫ్ సాల్టు అయినా మన తీరప్రాంతపు గాలికి తేమ పట్టి గడ్డలు కడుతుంది. గడ్డ కట్టిన సంచిలో కొంత కాల్షియం, కార్బనేటు అప్పటికే కలిసిపోయి కరగని పొడిగా మారివుంటాయి. సంచి విప్పాక మూత బిగిసే డ్రమ్ములో పోసుకోండి. లీటరుకు 36-38 గ్రాములు వేసి, చిన్న పంపు పెట్టి రాత్రంతా తిప్పి, తూకాన్ని కాక రిఫ్రాక్టోమీటరును చూసి సరిచేయండి. కొత్త సంచి విప్పినప్పుడల్లా కలిపిన నీటి ఆల్కలినిటీ కొలవండి. కొన్ని మిక్సులు 11-12కి కలుస్తాయి. అలాంటి నీటిని 15 లీటర్లు మారిస్తే ట్యాంకులో 0.3-0.4 పెరుగుతుంది, ఫర్వాలేదు. ఒకేసారి 50 లీటర్లు మారిస్తే ఒక డిగ్రీకి పైగా ఎగురుతుంది. నీళ్లు మార్చిన మర్నాడు కోరల్స్ ముడుచుకున్నాయని చాలామంది బాధపడేది దీనివల్లే.

ఇక ఆవిరికి పోసే నీరు. తాగే ఆర్వోలో రుచి కోసం కొంత పచ్చి నీరు కలిసేలా టీడీఎస్ అడ్జస్టరు పెడతారు. మీటరు పెడితే 50 నుంచి 100 చూపిస్తుంది. రోజుకు మూడు లీటర్లు, లీటరుకు 80 మిల్లీగ్రాములు అనుకుంటే నెలకు ఏడు గ్రాముల పైన ఏవేవో లవణాలు ట్యాంకులోకి చేరుతున్నాయి. ఆవిరి వట్టి నీటినే తీసుకుపోతుంది, ఇవన్నీ లోపలే ఉండిపోతాయి. బోరు నీటి క్షారత కూడా వాటితో పాటే వస్తుంది గనుక మీ లెక్కలు ఎప్పటికీ సరిగ్గా కుదరవు. అంతకన్నా ముఖ్యం, మీది నీటిలో రాగి కలిపే కాపర్ ఆర్వో అయితే ఆ నీరు ఒక్క చెంబు కూడా పోయొద్దు. మనిషికి మంచిదని కలిపే ఆ రాగి రొయ్యలకు, నత్తలకు, కోరల్స్‌కు విషం. 20 లీటర్ల మినరల్ వాటరు టిన్నులోనూ ఏం కలిపారో మనకు తెలియదు. మీ ఆర్వోకే మెంబ్రేన్ దాటిన చోట, అడ్జస్టరుకూ మినరల్ కాట్రిడ్జికీ ముందు, టీ ముక్క వేయించి విడిగా గొట్టం తీసుకోండి. ఆ గొట్టానికి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) కాట్రిడ్జి బిగించండి. మీటరు సున్నా చూపించాలి. రెండు మూడు చూపించడం మొదలైన రోజే రెసిన్ మార్చాలి.

ఆవిరైన నీటిని మూడు రోజులకోసారి తొమ్మిది లీటర్లు పోస్తే, ఆ మూడు రోజుల్లో ఉప్పు 35 నుంచి 37 దాటి మళ్లీ దభీమని దిగుతుంది. రోజుకు రెండుసార్లు పోయండి. లేదా ఫ్లోటు వాల్వుతో ఆటో టాపాఫ్ (తగ్గిన నీటిని దానంతట అదే నింపే ఏర్పాటు) పెట్టుకోండి. దానికి పెట్టే డబ్బా మాత్రం 10 లీటర్లకు మించనివ్వొద్దు. ఫ్లోటు ఇరుక్కుపోయి మొత్తం దిగిపోయినా ఉప్పు 33 దగ్గర ఆగుతుంది, కోరల్స్ తట్టుకుంటాయి. అదే 50 లీటర్ల డ్రమ్ము పెడితే ఒక రాత్రిలో ట్యాంకు పోతుంది.

ఇప్పుడు సోడా దగ్గరికి వద్దాం. మీరు చెప్పిన అంకెలు ఒకదానికొకటి చక్కగా సరిపోతున్నాయి. 150 లీటర్లలో ఆల్కలినిటీ ఒక డిగ్రీ పెరగాలంటే 4.5 గ్రాముల వంటసోడా కావాలి. రెండు టీస్పూన్లు పది గ్రాముల దాకా తూగుతాయి, అంటే 2.2 డిగ్రీలు. కాబట్టి మీ కొలత తప్పు కాదు, పోసిన పద్ధతే తప్పు. మూడు రోజులు కోరల్‌ను పస్తుంచి నాలుగో రోజు ఒక్కసారిగా కుక్కినట్టు అవుతోంది.

ఆల్కలినిటీయే ఎందుకు ఇలా ఊగుతుందో, కాల్షియం ఎందుకు ఊగదో తెలిస్తే మిగతా పనంతా తేలిక. కోరల్ తన గూడును కాల్షియం కార్బనేటుతో కట్టుకుంటుంది. ఆల్కలినిటీ 1 డిగ్రీ ఖర్చయితే కాల్షియం 7 పీపీఎం ఖర్చవుతుంది, ఈ జోడీ మారదు. నీటిలో వాటి నిల్వలు మాత్రం సమానం కావు. 8 డిగ్రీల్లోంచి ఒకటి పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. 420లోంచి 7 పోతే అరవయ్యో వంతు. ఇంట్లో బియ్యం బస్తా, పాలగిన్నె ఉన్నట్టు. రోజూ రెండూ వాడతాం, సాయంత్రానికి ఖాళీ అయ్యేది పాలగిన్నె. కనుక ఆల్కలినిటీని దాదాపు రోజూ చూడాలి, కాల్షియాన్ని వారానికోసారి, మెగ్నీషియాన్ని నెలకోసారి చూస్తే చాలు. మెగ్నీషియం గూడు కట్టడంలో పెద్దగా ఖర్చవదు. దాని పని వేరు: నీటిలో కాల్షియం, కార్బనేటు తమంతట తాము స్ఫటికం కట్టకుండా అడ్డుపడుతుంది. అది 1200 కిందికి జారితే ఎంత సోడా పోసినా ఆల్కలినిటీ నిలవదు.

మీ హీటరు మీది పెచ్చు అదే. సోడా ఒకేచోట గుప్పెడు పడినప్పుడు అక్కడ కార్బనేటు ఒక్కసారిగా ఎక్కువైంది, మెగ్నీషియం తక్కువగా ఉంది, వేడి ఉపరితలం మీద కాల్షియం కార్బనేటు ఇంకా త్వరగా దిగుతుంది. కోరల్‌కు చేరాల్సింది హీటరుకు పట్టింది. మూడు రోజుల్లో పడిపోయిన 2.2 డిగ్రీలూ కోరల్స్ తిన్నవే అనుకోవద్దు, అందులో ఆ పెచ్చు వాటా ఉంది. మందు మోతాదు కట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. హీటరును, పంపును విప్పి, పలచని వెనిగరు నీటిలో గంటసేపు నానబెట్టి కడిగి పెట్టండి. పెచ్చు పట్టిన హీటరు పగిలిపోతుంది కూడా.

ఉప్పు 35కి చేరాక రెండు సీసాల పద్ధతి మొదలుపెట్టండి. మొదటి సీసాలో సున్నా టీడీఎస్ నీరు లీటరు చేసేలా 84 గ్రాముల వంటసోడా. గోరువెచ్చని నీటిలో నిదానంగా కరుగుతుంది, మరిగించవద్దు. ప్యాకెట్టు మీద సోడియం బైకార్బొనేట్ అని మాత్రమే ఉండాలి. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అందులో పిండి, ఆమ్లం కలిసి ఉంటాయి. బట్టల సోడా వద్దు. రెండో సీసాలో లీటరు చేసేలా 73.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, ల్యాబ్ గ్రేడు. విశాఖలో ల్యాబ్ కెమికల్స్ అమ్మే దుకాణాల్లో అడగండి. లేబుల్ మీద ఫ్యూజ్డ్ లేదా అన్‌హైడ్రస్ అని ఉంటే అందులో నీరు లేదు, అప్పుడు 55.5 గ్రాములు చాలు. ఈ తేడా చూసుకోకపోతే కాల్షియం మూడో వంతు ఎక్కువ పడుతుంది. నీటిలో పోయగానే వేడెక్కుతుంది, కొంచెం కొంచెంగా పోయాలి. తేమ పీల్చుకునే డబ్బాల్లోని సరుకు వాడొద్దు.

ఈ తూకాల్లో ఒక సుఖం ఉంది. రెండు సీసాల నుంచీ ఎప్పుడూ సమానంగా పోస్తే కోరల్ వాడుకునే జోడీకి సరిగ్గా సరిపోతుంది. మీ 150 లీటర్లకు 54 మిల్లీలీటర్లు పోస్తే ఆల్కలినిటీ 1 డిగ్రీ, కాల్షియం 7 పెరుగుతాయి. మీ ట్యాంకులో మూడు రోజులకు 2.2 తగ్గింది, అంటే రోజుకు 0.73. లెక్క ప్రకారం రోజుకు 39 మిల్లీలీటర్లు. పెచ్చు వాటా తీసేసి 30తో మొదలుపెట్టండి. పొద్దున్న 15, రాత్రి 15. సోడా ద్రావణం పోశాక అరగంట ఆగి కాల్షియం పోయాలి. సంప్‌లో నీరు వేగంగా పారే చోటే పోయాలి. రెండూ ఒకే చోట కలిసినా, ఒకే గరాటు వాడినా పాలు విరిగినట్టు తెల్లగా అవుతుంది, పోసింది పోసినట్టు వృథా.

నాలుగు రోజుల తర్వాత అదే వేళకు కొలవండి. వేళ ముఖ్యం, పగలు లైటు కింద ఖర్చు ఎక్కువ, రాత్రి తక్కువ, అందుకని పొద్దున్న అంకెనూ సాయంత్రం అంకెనూ పోల్చకూడదు. నాలుగు రోజుల్లో 0.4 పడిపోయిందంటే రోజుకు 0.1 చాలడం లేదు. ప్రతి 0.1కీ రోజుకు 5 మిల్లీలీటర్లు పెంచండి. పెరిగితే అంతే తగ్గించండి. రెండు మూడు సవరణల్లో అంకె కుదురుకుంటుంది. 8 దగ్గర నిలిపినా మంచిదే, 8.5 దగ్గర నిలిపినా మంచిదే. 7.8లో స్థిరంగా ఉన్న ట్యాంకు 8కీ 9.5కీ మధ్య ఊగే ట్యాంకు కంటే ఎన్నో రెట్లు మేలు. ఎప్పుడైనా బాగా పడిపోతే రోజుకు అర డిగ్రీకి మించి లేపవద్దు.

కిట్టు మీద అనుమానం ఉంటే సున్నా టీడీఎస్ నీరు ఒక లీటరులో 0.21 గ్రాము వంటసోడా కరిగించి కొలవండి, 7.0 రావాలి. 7.6 వస్తే మీ కిట్టు 0.6 ఎక్కువ చూపిస్తోందన్నమాట, అంతమేర తీసేసి చదువుకోండి. వేసవిలో అటక మీద ఉడికిన రీజెంట్లు తప్పుతాయి, చల్లని చోట ఉంచండి.

చేత్తో పోయడం కుదరక డోసింగ్ పంపు (మోతాదు దానంతట అదే పోసే పంపు) కొంటే, నెలకోసారి గొట్టం చివర కొలగ్లాసు పెట్టి 50 మిల్లీలీటర్లు నిజంగా 50 పడుతున్నాయో లేదో చూడండి. లోపలి మెత్తటి గొట్టం సాగి మోతాదు మారుతుంది. గొట్టం కొనలు నీటికి పైనే ఉండాలి, మునిగితే పెచ్చు కట్టి మూసుకుపోతాయి.

ఈ పద్ధతికి ఒక వెనుక ఖర్చు ఉంది. సోడాలోని సోడియం, రెండో సీసాలోని క్లోరైడు కోరల్ వాడుకోదు, రెండూ కలిసి మామూలు ఉప్పుగా మిగులుతాయి. రోజుకు ఒక డిగ్రీ పోసే ట్యాంకులో నెలకు లీటరుకు 0.6 గ్రాము చేరుతుంది, మీకు దానిలో సగం పైచిలుకు. నెలకు రెండుసార్లు 15 లీటర్ల చొప్పున నీరు మారుస్తూ, రిఫ్రాక్టోమీటరు చూస్తూ ఉంటే ఇది పెరిగి పెద్దదవదు. మెగ్నీషియం ఎప్పుడైనా తగ్గితే 12.5 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ మీ ట్యాంకులో 10 పీపీఎం పెంచుతుంది. ఒకరోజులో 50కి మించవద్దు. ఉప్పు సరయ్యాక బహుశా మీకు దీని అవసరమే రాదు.

తాంబూలం సున్నం గురించి. ఆలోచన సరైనదే, సరుకు సరైనది కాదు. రీఫ్ వాళ్లు కాల్క్ అని వాడేది సున్నపు తేటే, అందులో కాల్షియం, క్షారత రెండూ సరైన జోడీలో ఉంటాయి. కానీ తాంబూలం సున్నంలోనూ, గోడకు వేసే గుల్లసున్నంలోనూ ఏమేం కలిసి ఉన్నాయో చెప్పలేం, నీలిమందు, జిగురు, లోహాలు ఏవైనా ఉండొచ్చు. ల్యాబ్ గ్రేడు కాల్షియం హైడ్రాక్సైడ్ కొనండి. మీ ట్యాంకులో 2 గ్రాములు పడితే ఆల్కలినిటీ 1 డిగ్రీ, కాల్షియం 7 పెరుగుతాయి. లీటరు నీటిలో 1 గ్రాము కలిపి, మూతపెట్టి, గంటసేపు తేరనిచ్చి పై తేట మాత్రమే రాత్రిపూట బొట్లు బొట్లుగా వేయాలి. సెలైన్ గొట్టం లాంటిది చాలు. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, కళ్లలో చిందకుండా చూసుకోండి. మూత లేకపోతే గాలి తగిలి పైన మీగడలా తెట్టు కడుతుంది, అంటే బలం పోతోందన్నమాట. ఫ్లోటు వాల్వు డబ్బాలో మాత్రం సున్నపు నీరు పెట్టొద్దు. చిక్కటి సున్నపు తేట పది లీటర్లు ఒక్కసారిగా దిగితే ఆల్కలినిటీ ఏడు డిగ్రీలకు పైగా లేస్తుంది, ఏ కోరల్ కూడా బతకదు. మీకు మా సలహా: ముందు రెండు సీసాలతో నెల రోజులు చెయ్యి కుదరనివ్వండి, సున్నం తర్వాత.

సముద్రపు నీటి మీద మీకున్న ఆశ అర్థమవుతుంది, గంట ప్రయాణంలో ఉంది కదా. కానీ మన తీరపు నీటిని ఏడాది పొడవునా ఒకటే అనుకోవద్దు. వానాకాలం పోయాక గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల నీరు కలిసి పలచబడ్డ నీటిని తీరం వెంట ప్రవాహం దక్షిణానికి నెట్టుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డున ఉప్పు 30 కంటే కిందికి పోవడం మామూలే. దానికి తోడు కళింగపట్నంలో వంశధార కలుస్తుంది, కోనాడ దగ్గర చంపావతి, కల్లేపల్లి దగ్గర నాగావళి. వరద రోజుల్లో ఆ మొగల దగ్గర నీరు మట్టి రంగులో ఉంటుంది, పొలాల ఎరువూ దానితోనే వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం దిశ మారి ఉత్తరానికి పోతుంది, అప్పుడు నీరు ఉప్పగా, తేటగా ఉంటుంది. తెచ్చుకోవాలంటే ఆ నెలల్లోనే, మొగలకూ రేవులకూ కంపెనీల పైపులకూ దూరంగా, అలలు విరిగే చోటు దాటాక పడవ మీద నుంచి తేవాలి. దూది ఫిల్టరులో వడకట్టి, మూసిన డ్రమ్ములో చీకట్లో చిన్న పంపుతో రెండు వారాలు తిప్పి, ఉప్పు, ఆల్కలినిటీ, ఫాస్ఫేట్ కొలిచి, తగ్గిన ఉప్పును రీఫ్ సాల్టుతో 35కి తేవాలి. ఇంత చేసినా తెచ్చిన ప్రతిసారీ నీరు వేరుగా ఉంటుంది. అంకెలే కుదురుగా లేని ఈ రోజుల్లో మీకు అది వద్దు.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అన్నారు. మాంటిపొరా చివర్లు కాలడానికి ఇది సగం కారణం. ఆల్కలినిటీ 9 దాటితే కోరల్ గూడు వేగంగా కట్టబోతుంది, పైన కప్పే కండకు మాత్రం తిండి లేదు. గూడు ముందుకు పోయి కండ వెనకబడుతుంది, చివర్లు తెల్లగా తేలతాయి. ఫాస్ఫేట్ మీడియా తీసేయండి. చేపలకు మేత కొంచెం పెంచండి. మూడు నాలుగు వారాల్లో నైట్రేట్ 5 దగ్గరికి, ఫాస్ఫేట్ 0.03-0.08 మధ్యకు రానివ్వండి. ఆ లోపల గాజు మీద కాస్త పాచి వస్తే రానివ్వండి.

పీహెచ్ మీరు రాయలేదు, మంచిదే. ఏసీ గదిలో తలుపులు బిగించి పడుకుంటే మన ఊపిరి కార్బన్ డయాక్సైడు వల్ల తెల్లవారేసరికి 7.8కి దిగుతుంది. దానికి మందు పోయకూడదు. కిటికీ కాస్త తెరవండి, లేదా స్కిమ్మరు (నురుగుతో మలినాలు తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టండి. వేసవిలో ఫ్యాను పెట్టి 26-27 డిగ్రీల దగ్గర ఉంచుతారు కదా, అప్పుడు ఆవిరి ఐదు లీటర్లు కావచ్చు. టాపాఫ్ డబ్బా రోజూ చూడాలి.

కరెంటు పోయినప్పుడు మందులు ఆపేయాలి. నీరు తిరగనప్పుడు పోసింది పోసిన చోటే తెల్లటి పొడిగా దిగిపోతుంది. డోసింగ్ పంపును ఇన్వర్టరుకు కలిపి రిటర్న్ పంపును కలపకపోవడం అన్నిటికన్నా చెడ్డ పొరపాటు, రెండూ ఒకే ప్లగ్గు మీద ఉండాలి. అక్టోబరు మనకు తుపాన్ల నెల. 2014లో 12న హుద్‌హుద్, 2018లో 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండుసార్లూ రోజుల తరబడి కరెంటు లేదు. సెప్టెంబరులోనే బ్యాటరీ ఎయిర్ పంపు రెండు, 40 లీటర్ల సిద్ధం చేసిన ఉప్పునీరు పెట్టుకోండి. చీకట్లో కోరల్స్ గూడు కట్టడం బాగా తగ్గిపోతుంది, రెండు రోజుల్లో ఆల్కలినిటీ పెద్దగా పడదు. చంపేది ఆక్సిజన్ లేకపోవడమే. కరెంటు వచ్చాక తప్పిన మోతాదులన్నీ కలిపి పోయవద్దు. కొలిచి, ఆరోజు మోతాదే పోయండి.

కొత్త ఫ్రాగ్‌ల విషయం: రెండు వారాల పాటు ఆల్కలినిటీ పైకీ కిందికీ కలిపి 0.5 దాటకుండా ఉన్నాక కొనండి. మన సముద్రంలోంచి ఏరిన రాతి కోరల్స్ ఎవరు అమ్మినా తీసుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో అన్ని రాతి కోరల్స్, సముద్రపు విసనకర్రలు ఉన్నాయి, ఒడ్డున దొరికిన ముక్క ఇంటికి తెచ్చుకోవడం కూడా నేరమే అవుతుంది. దుకాణం నుంచి కొన్నవాటికి దిగుమతి కాగితాలు అడగండి. రిజిస్ట్రేషన్ సంగతి అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తేల్చుకోండి. మీ దగ్గరున్న హ్యామర్, మాంటిపొరా కూడా రాతి కోరల్సే.

ఉప్పు సరైన వారం పది రోజుల్లో హ్యామర్ మొదట స్పందిస్తుంది, తలలు ఉబ్బుతాయి. మాంటిపొరాకు ఇంకా సమయం పడుతుంది. దాని తెల్ల చివర్లను లైటు వేశాక దగ్గరగా చూడండి. పాలిప్పులు (కోరల్‌లోని చిన్న చిన్న జీవులు) బయటికి వచ్చి ఉండి, అంచు లేతగా మెరుస్తుంటే అది పెరుగుదల తెలుపు, దాన్ని ముట్టుకోవద్దు. పాలిప్పులు లేక సున్నపురాయిలా బోసిగా ఉండి, నాలుగైదు రోజులకు గోధుమరంగు పాచి పడితే అది కాలిన చివర. ఆ ముక్క మళ్లీ రంగు తిరగదు, కింది నుంచి కొత్త కండ పాకి దాన్ని కప్పాలి. పాచి కిందికి దిగుతున్నట్టు కనిపిస్తే ఒక సెంటీమీటరు బతికిన భాగం కలుపుకుని కత్తిరించి తీసేయండి. దిగకపోతే అలాగే వదిలేసి, నెల తర్వాత అదే కోణంలో మళ్లీ ఫోటో తీసి పోల్చి చూడండి.